బతుకమ్మ రోజుల్లో జరిగే కోజీ ఫాంటసీ కథ: మొదటి పువ్వు నుంచి చివరి వాక్యం దాకా

"బతుకమ్మ పండగ పెట్టి ఒక కోజీ ఫాంటసీ కథ రాద్దామనుకుంటున్నా, ఎక్కడ మొదలుపెట్టాలి?" అని అడిగేవాళ్లు ఈ మధ్య ఎక్కువయ్యారు. కొందరు రాసినవి పంపిస్తున్నారు కూడా. దాదాపు అన్నిటిలోనూ ఒకటే లోపం కనిపిస్తోంది. పండగ ఒక పక్క, మాయ ఇంకో పక్క ఉంటున్నాయి. బతుకమ్మ తీసేసి అక్కడ మేనమామ పెళ్లి పెట్టినా కథ నడిచిపోతుంది. మాయ పండగ పనిలోంచే పుట్టాలి. కింద చెప్పినదంతా అది సాధించడానికే.

కోజీ ఫాంటసీ అంటే లోకాన్ని కాపాడే కథ కాదు. ఊరు, ఇల్లు, వంట, ఇరుగుపొరుగు, మధ్యలో చిటికెడు మాయ. ఆపద చిన్నది, అయినా అందులో ఉన్నవాళ్లకు అది పెద్దదే. చదివినవాళ్లకు మనసు కుదుటపడాలి. 1500 నుంచి 2500 పదాల్లో ముగిస్తే బాగుంటుంది.

ప్రతి మెట్టుకూ ఒకటే కథను ఉదాహరణగా తీసుకుంటాను. నిరుడు చెరువులో వదిలిన ఒక బతుకమ్మ, ఈ ఏడు ఎంగిలిపూల నాడు, అంటే పండగ మొదటి రోజున, పూలు వాడకుండా మళ్లీ చెరువు మెట్ల దగ్గరికి వచ్చి ఆగింది. ఎవరిది? ఎందుకొచ్చింది?

1. ముందు ఆకాశం, చేను, చెరువు చూసుకోండి

రాయడం మొదలుపెట్టక ముందు ఒక గంట దీనికే పెట్టండి. మాయను నమ్మించేది ఈ నిజాలే.

చంద్రుడి సంగతి ముందు. బతుకమ్మ పెత్రమాస, అంటే భాద్రపద అమావాస్య నాడు మొదలై ఆశ్వయుజ శుద్ధ అష్టమి నాడు సద్దులతో ముగుస్తుంది. కాబట్టి మొదటి రాత్రి చంద్రుడే ఉండడు. మూడో నాలుగో రోజు పొద్దుగూకాక పడమట సన్నని నెలవంక కనిపిస్తుంది. సద్దుల నాటికి సగం చంద్రుడు. చీకటి పడేసరికే పైన ఉంటాడు, అర్ధరాత్రి అటూ ఇటూగా అస్తమిస్తాడు. పున్నమి వెన్నెల్లో ఆడవాళ్లు బతుకమ్మ ఆడుతున్నట్టు నేనూ ఒకసారి రాశాను. "అష్టమి నాడు పున్నమేందిరా?" అని మా చిన్నమ్మ నవ్విన నవ్వు ఇప్పటికీ చెవుల్లో ఉంది.

పంట సంగతి. ఈ రోజుల్లో మక్క కంకులు విరుస్తుంటారు. పెసలు, మినుములు అప్పటికే ఇల్లు చేరి ఉంటాయి. పల్లీ పీకుతుంటారు. పత్తి మొదటి ఏరుడు దసరా అటూ ఇటూగా మొదలవుతుంది. వరి మాత్రం చాలా చోట్ల ఇంకా పొట్ట మీదో, ఈనుతూనో ఉంటుంది. సద్దుల నాడు వరి కోతలు పెట్టారంటే పల్లె పాఠకుడు అక్కడే పుస్తకం మూసేస్తాడు.

చెరువు సంగతి. వానాకాలం చివర కాబట్టి నిండుగా ఉంటుంది. వానలు బాగా పడిన ఏడు మత్తడి దుంకుతుంది, అంటే నిండి పొర్లుతుంది. ఆ చప్పుడు మీ కథకు ఉచితంగా దొరికే నేపథ్య సంగీతం.

పూల సంగతి: తంగేడు పసుపు, గునుగు తెల్లగా ఉండి కొసన లేత గులాబీ, కట్ల పూలు నీలం. ఇవి కాక బంతి, చేమంతి, గుమ్మడి, గన్నేరు, పట్టుకుచ్చు. గునుగు చేలల్లో దానంతటదే మొలిచే కలుపు, తంగేడు బీడు భూముల్లో పొద. ఎవరూ నాటని పూలతో పండగ చేసుకోవడమే సగం మాయ. దీన్ని మీరు కథలో వివరించక్కర్లేదు, మీకు తెలిసి ఉంటే చాలు.

రాసే ముందు ఒక కాగితం మీద ఇవి ఉండాలి:

- కథ జరిగే రోజు, ఆ రోజు చంద్రుడు
- చేలో ఆ వారం జరిగే పని
- చెరువులో నీళ్లు ఎంతవరకు ఉన్నాయి
- ఆ ఊళ్లో దొరికే మూడు పూలు, అవి దొరికే చోట్లు
- ఆ రోజు నైవేద్యం

2. రోజుల లెక్క పెట్టుకోండి, అన్నీ వాడొద్దు

తొమ్మిది రోజుల వరస సాధారణంగా ఇది: ఎంగిలిపూలు, అటుకులు, ముద్దపప్పు, నానబియ్యం, అట్లు, అలిగిన బతుకమ్మ, వేపకాయలు, వెన్నముద్దలు, సద్దులు. ఊరిని బట్టి కొంత తేడా ఉంటుంది. కొన్ని ఊళ్లలో సద్దులు ఏడో నాడే చేస్తారు. మీ కథలోని ఊరికి ఒక పద్ధతి ఖాయం చేసుకుని చివరిదాకా దాన్నే పట్టుకోండి.

తొమ్మిది రోజులూ కథలో పెడితే అది క్యాలెండర్ అవుతుంది. నాలుగు పూటలు తీసుకోండి: ఎంగిలిపూలు, ఏదో ఒక మధ్య రోజు, అలిగిన బతుకమ్మ, సద్దులు.

ఆరో రోజు రచయితకు వరం. ఆ రోజు బతుకమ్మ పేర్చరు, ఆడరు, నైవేద్యం పెట్టరు. కథలో అన్నీ ఆగిపోవాల్సిన చోటు ఒకటి ఉంటుంది కదా, పాత్ర ఒంటరిగా కూర్చుని ఆలోచించే చోటు. ఆ ఖాళీని పండగే తయారు చేసి పెట్టింది. ఇంత మంచి మలుపును వదిలేసి, ఆ రోజు కూడా చప్పట్లు కొట్టించే రచయితల మీద నాకు నిజంగా కోపం వస్తుంది.

ఇంకో లాభం కూడా ఉంది. సద్దుల నాటికి తేలాలి అనే గడువు పండగలోనే ఉంది. విలన్ లేకుండానే టెన్షన్ దొరుకుతుంది.

3. మాయకు ఒక్కటే నియమం

ఇక్కడే ఎక్కువ సమయం గడపండి. పద్ధతి ఇది:

క) పండగలో చేసే పనుల జాబితా రాయండి. పూలు కోయడం, గునుగుకు రంగు అద్దడం, తాంబాలంలో గుమ్మడాకు పరచడం, వరసలు పేర్చడం, పసుపు గౌరమ్మను చేయడం, చుట్టూ తిరిగి పాడడం, నీళ్లలో వదలడం, "పోయి రా గౌరమ్మా" అని సాగనంపడం, వాయనం ఇచ్చిపుచ్చుకోవడం, మలీద (సజ్జరొట్టెలో బెల్లం కలిపి చేసేది) ముద్దలు పంచుకోవడం.

చ) ఒక్కో పని ఎదురుగా "ఇది చేయకపోతే?" అని రాయండి.

ట) అందులో మీకు నవ్వో, చిన్న దిగులో తెప్పించిన జవాబును పట్టుకోండి.

నేను సాగనంపడం దగ్గర ఆగాను. పోయి రా అని చెప్పకుండా నీళ్లలో వదిలేస్తే? అప్పుడు చెరువుకు అది తనకు అప్పగించింది కాదు, ఎవరో మరిచిపోయిన వస్తువు. మరిచిపోయిన వస్తువును ఎవరైనా ఏం చేస్తారు? జాగ్రత్తగా దాచి, మనిషి కనబడగానే తిరిగి ఇస్తారు. అంతే, నియమం దొరికింది: మాట చెప్పి సాగనంపని బతుకమ్మను ఈ చెరువు ఉంచుకోదు.

నియమం సరిగ్గా ఉందో లేదో మూడు ప్రశ్నలతో తేల్చుకోండి.

- ఒక్క వాక్యంలో చెప్పగలరా? "అయితే", "కానీ" పడుతున్నాయంటే ఇంకా చిక్కబడలేదు.
- బతుకమ్మ బదులు ఇంకో పండగ పెడితే చెడిపోతుందా? చెడిపోవాలి.
- దాన్ని సరిచేయడానికి మనుషులు చేయగలిగిన పని ఏదైనా ఉందా? మంత్రంతోనే సరి అయ్యేదైతే కథలో మనుషులకు పని ఉండదు.

ఒక జాగ్రత్త. గౌరమ్మ ఇంటింటా పూజ అందుకునే దేవత. ఆమెను జోకులేసే పాత్రగా మార్చకండి. మాయను చెరువుకో, తాంబాలానికో, రంగు గిన్నెకో ఇవ్వండి. కథ చేతులు బారజాపుకుని తిరుగుతుంది, ఎవరి మనసూ నొచ్చుకోదు.

4. సమస్యను అరచేతిలో పట్టేంత చేసుకోండి

చెరువు కోపగించి ఊరిని ముంచేస్తుంది అని రాస్తే అది వేరే రకం కథ. మన కథలో తిరిగొచ్చిన బతుకమ్మ ఎవరిదో తెలియాలి, అంతే. తెలియకపోతే? ఊరికి ఏమీ కాదు. ఎవరో ఒక మనిషి మాట మిగిలిపోతుంది.

"ఇంత చిన్నదా?" అనిపిస్తుంది. అవును. కానీ ఆ మనిషికి అది ఎంత పెద్దదో చూపించాల్సిన బాధ్యత మీది.

5. పాత్రకు చేతిపని ఇవ్వండి

మాయను ఛేదించేది పాత్ర మంచితనం కాదు, ఆమెకు వచ్చిన పని. ఉదాహరణ కథలో రాజవ్వ బ్లౌజులు కుట్టే మనిషి. నలభై ఏళ్లుగా ఊళ్లో ఆడవాళ్ల కొలతలన్నీ నోటికి వచ్చు. తిరిగొచ్చిన బతుకమ్మను చూసి మిగతావాళ్లు దండం పెడతారు. రాజవ్వ మాత్రం గునుగు కట్టలు దేనితో కట్టారో చూస్తుంది. అది చీర ఫాల్ కుట్టే నీలం దారం. తన దగ్గర తీసుకున్నదే. నిరుడు ఎవరెవరికి ఇచ్చింది?

ఒక్క దారం ముక్కతో కథ ఇంటింటికీ తిరగడానికి కారణం దొరికింది. ఇల్లు మారినప్పుడల్లా ఒక వంట, ఒక మాట, ఒక చిన్న గుట్టు.

పాత్రలు నాలుగు చాలు. రాజవ్వ, వెంట తిరిగే మనవరాలు, తప్పుడు అనుమానం పడే ఒక పొరుగింటామె, బతుకమ్మ అసలు మనిషి ఎల్లవ్వ.

6. సీన్ల వరస

2000 పదాల కథకు నేను వాడే లెక్క ఇది. పదాలు కొంచెం అటూ ఇటూ అయినా పర్లేదు, వరస మాత్రం మార్చకండి.

*సీన్ 1, ఎంగిలిపూలు, 400 పదాలు.* పనితో మొదలుపెట్టండి, వర్ణనతో కాదు. ముందు రోజు కోసి నీళ్లలో ఉంచిన పూలు బకెట్లోంచి తీస్తున్న చేతులు. సాయంత్రం చెరువు దగ్గర, చంద్రుడు లేని చీకట్లో, మెట్లకు తగులుతూ నిరుటి బతుకమ్మ. మాయ మొదటి 300 పదాల్లోపే కనబడాలి.

*సీన్ 2, అట్ల బతుకమ్మ, 600 పదాలు.* మూడు ఇళ్లు. మొదటి ఇంట్లో దారం దొరకదు, అట్లు దొరుకుతాయి. రెండో ఇంట్లో దారం ఉంటుంది, కానీ ఆమె బతుకమ్మ పేర్చే తీరు వేరు. పేర్చే పని తెలిస్తే ఇక్కడ పనికొస్తుంది: అడుగున తంగేడు, పైకి పోయేకొద్దీ వలయం చిన్నదవుతుంది, మధ్య ఖాళీలో ఆకులు, తుంచిన కాడలు నింపుతారు, లేకపోతే వరసలు లోపలికి కూలుతాయి. ఈ తిరిగొచ్చిన దాంట్లో మధ్యన ఆకులకు బదులు పాత బట్ట పీలికలు ఉన్నాయి. తొందరలో పేర్చిన చెయ్యి అది.

*సీన్ 3, అలిగిన బతుకమ్మ, 350 పదాలు.* ఊరు నిశ్శబ్దం. రాజవ్వ మిషన్ ముందు కూర్చుంటుంది. తొక్కదు. నిరుడు సద్దుల నాటి వాన గుర్తొస్తుంది. ఎల్లవ్వ కొడుకు పట్నం తీసుకుపోవడానికి వచ్చాడు. ఆటో ఆగి ఉంది, హారన్ కొడుతున్నాడు. ఎల్లవ్వ బతుకమ్మను నీళ్లలో పెట్టింది, వెనక్కి చూడకుండా ఎక్కింది. పోయి రా అనలేదు. పోతున్నది తనే.

*సీన్ 4, సద్దులు, 650 పదాలు.* దీన్ని పదో మెట్టులో చూద్దాం.

7. తిండి రాసేటప్పుడు

సద్దుల నాటి పులిహోర, పెరుగన్నం, కొబ్బరన్నం, నువ్వులన్నం, పక్కన సత్తుపిండి, మలీద అని వరసగా రాస్తే అది హోటల్ మెనూ. ఒక్క సీన్‌కు ఒక్క వంటకం తీసుకోండి. అది ఎవరి చేతిలోంచి ఎవరి చేతిలోకి పోయిందో రాయండి.

మలీదకు ఉదాహరణ: సజ్జరొట్టె వేడిగా ఉండగానే చిదమాలి, బెల్లం అప్పుడే కలుస్తుంది. రొట్టె చల్లారితే బెల్లం పలుకులు పంటికి తగులుతాయి. మీ పాత్ర మనసు ఎక్కడో ఉందని చెప్పడానికి "ఆమె దిగులుగా ఉంది" అని రాయక్కర్లేదు. మలీదలో బెల్లం పలుకు తగిలిందని మనవరాలితో అనిపించండి.

8. మాటలు

కథనం మామూలు రాత భాషలో, సంభాషణ తెలంగాణ మాటలో ఉంచితే చదవడానికి హాయిగా ఉంటుంది. కలగాపులగం మాత్రం వద్దు. ఒకే మనిషి ఒక వాక్యంలో "ఏమండీ" అని, మరో వాక్యంలో "ఏందే" అని అనదు.

"గిది ఎవలదే రాజక్కా?"
"ఏమో వదినె. దారమైతె నాదే."

ఇంత చాలు. ప్రతి మాటకూ యాస పూసి, అక్షరాలు విరిచి రాస్తే పాఠకుడు కథ వదిలి కూడబలుక్కోవడం మొదలుపెడతాడు. పిలుపులు సరిగా ఉంటే సగం యాస వచ్చేసినట్టే: అక్క, వదినె, అవ్వ, చిన్నమ్మ, బిడ్డా.

9. పాట

ఉన్న పాటను ఎత్తి పెట్టకండి. ఉయ్యాలో వరసలో మీరే రెండు చరణాలు కట్టండి, రెండే.

*నిరుడు పోయిన పువ్వు ఉయ్యాలో*
*నీళ్ల మీదున్నాది ఉయ్యాలో*
*ఎవరు మరచిన మాట ఉయ్యాలో*
*ఏటి కొచ్చిందమ్మ ఉయ్యాలో*

చప్పట్లు కొడుతూ పైకి పాడి చూడండి. చప్పట్టు తడబడిన చోట మాట మార్చాలి. పై పాటలో "ఏటి కొచ్చిందమ్మ" అన్నది నాకే ఇంకా నచ్చలేదు. ఏరో, ఏడాదో తేలడం లేదు. "మెట్టు కొచ్చిందమ్మ" అంటే చెరువు మెట్లు కళ్ల ముందుంటాయి. మీరు రాసిన దాన్ని కూడా ఇలాగే గీకండి.

10. ముగింపు ఎలా కట్టాలి

నా మొదటి డ్రాఫ్టులో రాజవ్వ ఎల్లవ్వకు వీడియో కాల్ చేస్తుంది. ఎల్లవ్వ పట్నం నుంచే పోయి రా అంటుంది, బతుకమ్మ కదిలిపోతుంది. నియమం ప్రకారం అంతా సరిపోయింది. అయినా చప్పగా ఉంది. రెండు రోజులు ఎందుకో తెలియలేదు. తర్వాత వెలిగింది: ఫోన్లో వాయనం ఇవ్వలేం. "ఇస్తినమ్మ వాయనం" అంటే "పుచ్చుకుంటినమ్మ వాయనం" అనడానికి ఎదురుగా ఒక కొంగు ఉండాలి.

అందుకే ఎల్లవ్వను బస్సు ఎక్కించాను. సాయంత్రం బస్సు ఆలస్యమైంది. ఆడవాళ్లు ఒక్కొక్కరే బతుకమ్మలు వదిలేస్తున్నారు. పైన సగం చంద్రుడు. నిరుటి బతుకమ్మ మాత్రం మెట్టును వదలడం లేదు. గడువు దగ్గరపడుతున్న ఈ కొద్దిసేపే కథలో అసలు టెన్షన్. దీన్ని తొందరగా దాటేయకండి.

సీన్ 4లో ఈ వరస పాటించండి: ఆలస్యం, రావడం, మాట చెప్పడం, మాయ కదలడం, ఆ తర్వాత ఒక మామూలు పని. మాయ దగ్గర ఆపకండి. మనిషి చేసే చిన్న పని దగ్గర ఆపండి.

11. తరచూ జరిగే తప్పులు, మరమ్మతు

*మాయకు వివరణ ఎక్కువ.* చెరువుకు ఆ శక్తి ఎలా వచ్చిందో రెండు పేజీలు. తీసేయండి. "మా చెరువు అంతే" అని ఒక ముసలామెతో అనిపిస్తే సరిపోతుంది.

*చివర ఉపన్యాసం.* సంప్రదాయాలను కాపాడుకోవాలని పాత్ర చెబుతోందా? ఆ పేరా మొత్తం కొట్టేసి, ముందు పేరా దగ్గర కథ ముగుస్తుందేమో చూడండి. పదిలో తొమ్మిదిసార్లు ముగుస్తుంది.

*అందరూ మంచివాళ్లే.* హాయి కథంటే ఎవరికీ చిరాకు రాకూడదని కాదు. పొరుగింటామె రాజవ్వను "దారం లెక్కలు కట్టుకుంటా తిరుగుతవా?" అని ఎత్తిపొడవాలి. తర్వాత ఆమే అట్టు పెట్టాలి.

*ఎల్లవ్వ కొడుకు విలన్ అయిపోవడం.* ఇది జారుడు బండ. తల్లిని తీసుకుపోయినవాడు చెడ్డవాడు కానక్కర్లేదు. నాలుగో సీన్‌లో బస్సు దిగేటప్పుడు తల్లి సంచి అతని భుజం మీద ఉంటే చాలు, ఇంకేం చెప్పక్కర్లేదు.

*తంగేడు లేని చోట తంగేడు.* కథను డాలస్‌లోనో లండన్‌లోనో పెడితే అక్కడ దుకాణంలో దొరికే చేమంతులు, బంతులతోనే పేర్పించండి. చెరువు బదులు టబ్బు వాడేవాళ్లూ ఉన్నారు. అప్పుడు నియమం కూడా మారాలి. సాగనంపని బతుకమ్మ టబ్బులోంచి ఎక్కడికి తిరిగొస్తుంది? ఈ ప్రశ్నలో ఇంకో మంచి కథ ఉంది. నాకు ఇంకా దొరకలేదు.

12. పంపే ముందు చెక్‌లిస్ట్

- చంద్రుడు, పంట, నైవేద్యం ఆ తిథికి సరిపోయాయా?
- ఆరో రోజు ఎవరైనా బతుకమ్మ ఆడుతున్నారా? ఆడితే తీసేయండి.
- మొదటి 300 పదాల్లో మాయ కనిపించిందా?
- నియమాన్ని కథలో ఎక్కడైనా మీరే తప్పారా?
- చిక్కుముడి పాత్ర చేతిపని వల్లే విడిందా?
- ప్రతి సీన్‌లో ఒక వస్తువు చేతులు మారిందా?
- "హాయిగా", "ఆహ్లాదంగా", "మధురంగా" ఎన్నిసార్లు వచ్చాయి? అన్నీ కొట్టేయండి.
- పండగ తెలిసిన ఇంటి పెద్దామెకు చదివి వినిపించారా? ఆమె ఎక్కడ నవ్వింది, ఎక్కడ "అట్ల కాదు బిడ్డా" అంది?

ఆఖరి అంశాన్ని దాటేయొద్దు. నేను సీన్ 4 వినిపించినప్పుడు మా చిన్నమ్మ ఒక్కటే మాట అంది. బతుకమ్మ కదిలిపోయాక ఎల్లవ్వ ఏం చేస్తుందని అడిగింది. ఏడుస్తుందని చెప్పాను. "ఏడ్వదు. ఆకలైతది. పొద్దున్నుంచి బస్సుల ఉన్నది" అంది. చివరి పేరా కొట్టేసి మళ్లీ రాశాను. ఇప్పుడు రాజవ్వ గిన్నె మూత తీస్తుంది, ఎల్లవ్వ మెట్టు మీదే కూర్చుని పెరుగన్నం తింటుంది.